రుస్తాఖ్ వాగులో జీపు నడిపినవాడు

గురువారం రాత్రి, వాడి కబీర్, మస్కట్

"స్టీరింగ్ నా చేతిలోనే ఉందని రేపు చెబుతాను, నా మాట నమ్ము" అన్నాడు వెన్‌మోర్, తడి బట్టలతో నా భుజం పట్టుకుని. చాలా ఏళ్ల కిందటి మాట; అప్పుడతను ఇక్కడి ఒమన్ సైన్యంలో కెప్టెన్, ఇంగ్లండులో ఒక ప్రభువు కొడుకు. రుస్తాఖ్ వాగు వరదలో జీపు కొట్టుకుపోయింది. పక్కన ఇసుకలో అతని డ్రైవరు, మా బావ పోశన్న శవం. మర్నాడు విచారణలో, డ్రైవరే తొందరపడి వాగులో దింపాడని చెప్పాడు. వెనక సీట్లో ఉన్న నన్ను ఎవరూ అడగలేదు.

తరవాత అతను పార్లమెంటుకెళ్లి మంత్రి అయ్యాడు. ఇవాళ మస్కట్ హోటల్లో అతనికి సన్మానం. అక్కడ పనిచేసే మా అమ్మాయిని బతిమాలి వెళ్లాను. "మా డ్రైవరుకు వాగంటే లెక్కే లేదు" అని చెప్పి అందరినీ నవ్వించాడు. ఇలాంటివాళ్ల జీవితచరిత్రలు ఎన్నో చదివాను, డ్రైవర్లకు పేర్లుండవు.

ఆ రోజు నెత్తిన ఎండ కాస్తున్నా కొండ మీది మబ్బు చూసి జీపు ఆపిందే పోశన్న. "పైన వాన పడ్డది సాబ్, నీళ్లు దిగినంక పోదాం" అన్నాడు. అతన్ని పక్కకు జరిపి స్టీరింగ్ పట్టింది ఈ పెద్దమనిషి.

సన్మాన సభలోనే లేచి అడిగాను: "జీపు నడిపింది ఎవరు?" నన్ను గుర్తుపట్టాడు. కళ్లు దించుకుని, "చాలా కాలమైంది కదా" అన్నాడు. అమ్మాయి నా చెయ్యి లాగింది. "కూసో నాన్నా, అందరు చూస్తున్నరు." చూడనీ.

మొగుడు తన తొందరకు తనే పోయాడన్న మాట ఊళ్లో మా అక్క ఇప్పటికీ పడుతోంది. రేపు ఫోన్లో ఆమెకు మళ్లీ అదే చెప్పాలి. బావ కాదక్కా, వాగూ కాదు. వెన్‌మోర్.