తడి దుప్పటితో పని పడలేదు

అమ్మా,

ఈసారి నీ తడి దుప్పటితో పని పడలేదు. తేనెటీగల గుంపు లేచిపోయినప్పుడల్లా నువ్వు గుంపు మీద కప్పి పట్టడానికి ఆ దుప్పటి తీసుకుని వ్యాసర్పాడి వీధుల వెంట పరిగెత్తేదానివి కదా! నువ్వు లేని ఈ మొదటి ఏడాది, మేడ మీది తేనెపెట్టెలో ఈగలు కొత్త రాణికి గది కట్టడం కనబడగానే, గుంపు లేవకముందే పాత రాణిని సగం ఈగలతో పక్కన ఇంకో పెట్టెలోకి మార్చేశాను.

కింది ఇంటి కోమలత్త పైకొచ్చి, "ఏమే, ఈగలన్నీ ఈడనే ఉండాయా?" అంది.

"ఈడనే అత్తా, రెండు కాపురాలు పెట్టించినా."

ఆమె నవ్వు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

ఈ ఉదయం పాత పెట్టె తెరిచాను. కొత్త రాణి గుడ్లు పెట్టింది! అక్కడే గంతులేశాను.

ఎంత అదృష్టం దానిది! ఇల్లు చేతికొచ్చింది, తల్లి పక్కింట్లోనే ఉంది.