గంపలు బోర్లించిన తొమ్మిది రోజులు

హైదరాబాదు,
ఆదివారం

మంగక్కకి,

నీ చెల్లి సత్యవతి దండాలు. ముందు నీ మోకాలి సంగతి రాయి. నూనె రాస్తున్నావా, లేక రాస్తున్నానని దుర్గకి చెప్పి సీసా గూట్లో దాచేశావా? బావ దగ్గు తగ్గిందా? నూకాలమ్మ పెద్దమ్మ పూటకి పట్టెడన్నమైనా తింటోందా? నేను బాగున్నాను. నువ్వు నమ్మవు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏంటని అనుకుంటావు. ఫోన్లో నేను అసలు మాటకి రాగానే "పొయ్యి మీద కూరుందే" అని పెట్టేస్తావు. ముప్పై ఏళ్ళుగా ఆ కూర ఉడుకుతూనే ఉంది. కాగితాన్ని అలా పెట్టెయ్యలేవు కదా.

ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. నా గది మూడో అంతస్తులో. గాలిలో తడే లేదు, పెదాలు పగిలిపోతున్నాయి. చేప తెచ్చి వండితే ఐసు ముక్క వండినట్టుంది. మొన్న బజార్లో ఒకావిడ "ఫ్రెష్ మేడమ్" అంటే మొప్ప ఎత్తి చూశాను. ఆవిడ నా ముఖం చూసి, "మీరూ అమ్ముతారా?" అంది. "మా అక్క అమ్మేది" అన్నాను. మన పేట వదిలాక ఆ మాట అంత గట్టిగా అన్నది అదే మొదటిసారి. దిగులుగా ఉన్నానని మాత్రం అనుకోకు. రోజూ పోట్లాట ఉంది. పోట్లాట ఉన్నచోట నాకు దిగులుండదని నీకు తెలుసు.

పోట్లాట దేనికో చెప్తాను. ఈ వెబ్ సిరీస్ వాళ్ళు నా వ్యాసాలు చదివి, మన వైపు మాట సరిగ్గా పడుతోందో లేదో చూడమని పిలిచారని తెలుసుగా. తొంభైల నాటి గోదావరి జిల్లాల కథ, ఎనిమిది భాగాలు. డైరెక్టరు పేరు కౌశిక్. భీమవరం దగ్గర పెద్ద రైతుల ఇంటివాడు, నలభైకి దగ్గర పడ్డాడు. మంచివాడే, "అండి" లేకుండా నోరు కదలదు. వెళ్ళిన మొదటి రోజే చూశాను, ఆఫీసు గోడ నిండా బొమ్మలు అంటించి ఉన్నాయి. స్కూటరు, ఎస్టీడీ బూతు, కేసెట్ల టేప్ రికార్డరు, డాబా మీద డిష్ యాంటెన్నా.

"ఏంటండీ ఇవన్నీ?" అని అడిగాను.

"ఆ కాలం అండి" అన్నాడు.

"ఇది కాలం కాదు బాబూ, పాత సామాన్ల కొట్టు" అన్నాను. పాపం, నవ్వాడు.

ఈ నాలుగు నెలల్లో ఆ పదేళ్ళ మీద తీసిన సిరీసులు వరసపెట్టి చూశాను. అన్నిటిదీ ఒకటే పోకడ. ఊరు మొత్తం ఒక మగాడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. వాడు పట్నం నుంచి వస్తాడు, అరుగెక్కి మాట్లాడతాడు, ఊరు మారిపోతుంది. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి కళ్ళు తుడుచుకుంటారు. మన వల మనుషులు ఒక పాటకి వచ్చి పోతారు. వరి చేలు రొయ్యల చెరువులైతే కారు కొన్నవాడు కనిపిస్తాడు గానీ, ఆ పక్క పేటలో నుయ్యి ఉప్పెక్కి బిందె పట్టుకుని ఊరవతలికి నడిచిన మనిషి ఎక్కడా కనిపించదు. మార్పు వచ్చిందంటారు. తెచ్చిన చేతులు చూపించరేం? ఎవరి నోటి దగ్గర కూడు పణంగా పెడితే వచ్చిందో అడగరేం? నాకు ఒళ్ళు మండిపోతుంది అక్కా.

ఇంక ఐదో భాగం చేతికిచ్చారు. సారా వద్దన్న ఉద్యమం. పెద్ద రైతు కొడుకు మన లాంటి పేటకొచ్చి, దుకాణంలో సారా కుండలన్నీ కర్రతో పగలగొడతాడు. ఆడవాళ్ళు హారతి పడతారు. నేను కలం కింద పెట్టేశాను.

"కుండలు పగిలాక మగాళ్ళు ఏం చేశారండీ?"

"మానేశారండి."

"పక్కనే యానాం ఉంది బాబూ. అది వేరే ప్రభుత్వం, మందు చవక. ఇక్కడ కుండ పగిలితే అక్కడ సీసా ఉంటుంది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తూలుకుంటూ వచ్చేవాళ్ళు. కర్రతో ఆగేదైతే మా అమ్మే ఆపేసేది, ఆవిడ చెయ్యి చిన్నదేం కాదు."

అందరూ నవ్వారు. కౌశిక్ మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని, "మరెలా ఆపారండీ?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. నీకు తెలిసిన కథే, అయినా వాళ్ళకి చెప్పినట్టే రాస్తున్నాను. ఎక్కడ తప్పానో నువ్వే చూడు.

మా పేటలో వేట మగాళ్ళది, అమ్మకం ఆడాళ్ళది. వల ఎంత బరువుగా తేలినా, ఆడమనిషి గంప నెత్తికెత్తుకుని బజారుకి వెళ్తేనే అది డబ్బవుతుంది. మగాడు గంప ముట్టడు, ముడితే నవ్వుతారు. ఇంట్లో మగాడు పోతే ఆడమనిషి గంపని గుమ్మంలో బోర్లిస్తుంది, దినం అయ్యేదాకా ఎత్తదు. ఆ ఏడు పెద్దల బడిలో పలక మీద అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు ఒక మాట అనుకున్నారు. మర్నాడు తెల్లారేసరికి వీధి పొడుగునా గంపలు బోర్లించి ఉన్నాయి, మొగుళ్ళు బతికుండగానే.

"ఒసే, నేను చచ్చేననా?" అని అరిచాడు నూకాలమ్మ పెద్దమ్మ మొగుడు.

"తాగినంతకాలం అంతే. మానితే లేపుతాను" అంది ఆవిడ, ఊడ్చే చీపురు ఆపకుండా.

చేపలు ఒడ్డునే కంపు కొట్టాయి. ఒకాయన తెగించి తనే బజారుకి పట్టుకెళ్ళాడు. మొదటి బేరానికే "మా ఆడదాన్ని అడిగి చెప్తానమ్మా" అన్నాడట. అలా తొమ్మిది రోజులు. పదో రోజు మగాళ్ళంతా వచ్చి, ఎవరింటి గంప మీద వాళ్ళు చెయ్యేసి ఒట్టు పెట్టారు. ఆ ఒట్టు అందరూ నిలబెట్టుకోలేదు. కానీ బజారు డబ్బు ఆ తర్వాత ఆడవాళ్ళ కొంగు దాటలేదు.

చెప్పడం అయ్యాక గెలిచాననుకున్నాను. అప్పుడు కౌశిక్ మెల్లిగా అన్నాడు, "తొమ్మిది రోజుల్లో ఒక్క గంపైనా లేవలేదాండీ?"

"ఒక్కటి కూడా లేవలేదు!" అని బల్ల మీద కొట్టాను. సభల్లో, వ్యాసాల్లో ముప్పై ఏళ్ళుగా అదే చెప్పాను.

"అలాగైతే ఎవరూ నమ్మరండి. మనుషుల్లా లేరు, పోస్టర్లో బొమ్మల్లా ఉన్నారు. కుండల సీనే ఉంచేద్దాం."

బయటికొచ్చి బస్సెక్కాను. సగం దూరం అతన్ని తిట్టుకున్నాను. మిగతా సగం నన్ను నేను తిట్టుకున్నాను.

ఐదో రోజు నీ గంప లేచింది అక్కా. దుర్గకి అప్పటికి ఏడాది నిండలేదు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, మందు తెచ్చే దారి లేదు. అందరూ అన్నాలకి కూర్చున్న వేళ నువ్వు గంపెత్తుకుని పెరటి దారిన వెళ్ళావు. నేను చూశాను. పరుగెత్తుకెళ్ళి పెద్దమ్మకి చెప్పింది నేనే. ఈ మాట నీకు ఇవాళ్టిదాకా చెప్పలేదు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, ఉద్యమం నా ఒక్కదాని భుజం మీదే ఉందనుకునేదాన్ని.

సాయంత్రం నువ్వు వచ్చేసరికి పెద్దమ్మ మీ గుమ్మంలో కూర్చుని ఉంది. నిన్ను తిడుతుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, తిట్టాలనే కోరుకున్నాను.

"పిల్లకి మందు పట్టేవా?" అంది.

నువ్వు తలూపావు.

"ముందే చెప్పకూడదేంటే పిచ్చిమొహమా" అని, నీ చేతిలో గంప తీసుకుని తనే బోర్లించింది. నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకింకా తగులుతూనే ఉంది.

మర్నాటి నుంచే ఇంటికో గుప్పెడు బియ్యం ఆవిడ అరుగు మీదికి చేరాయి, జ్వరం వచ్చిన ఇంటికి ముందు పెట్టడానికి. ఆ గుప్పెళ్ళు లేకపోతే ఏడో రోజుకల్లా సగం గంపలు లేచేవి. నీ తప్పు లేకపోతే ఆ గుప్పెళ్ళు లేవు. ఇది ఓదార్పుకి రాయడం లేదు, వాదనకి రాస్తున్నాను. కాదంటే కాదని రుజువు చెయ్యి. నువ్వేమో ఆనాటి మాట రాగానే లేచి పొయ్యి దగ్గరికి పోతావు. మహిళా సంఘం ఫొటోలో వెనక వరసలో సగం ముఖంతో నిలబడతావు.

మరి నేను చేసిందేంటి? ఉద్యమానికి మచ్చ రాకూడదని నిన్ను ఆ కథలోంచే తీసేశాను. కౌశిక్ లేని హీరోని తెచ్చి పెట్టాడు, నేను ఉన్న అక్కని తుడిచేశాను. ఇలాంటిదాన్ని, అతని మీద అరిచే హక్కు నాకుందా అని రెండు రోజులు ఆలోచించాను. ఉందనే తేల్చుకున్నాను. నా తప్పు దిద్దుకుని మరీ అరుస్తాను.

శుక్రవారం వెళ్ళి, "ఒక గంప లేచిందండి" అన్నాను. ఎవరిదో చెప్పలేదు. పెద్దమ్మ అన్న మాటలు మాత్రం చెప్పాను. కౌశిక్ లాప్‌టాప్ మూసేశాడు.

"ఇది ఉంటే కుండలక్కర్లేదండి. ఆ భాగంలో హీరో కూడా అక్కర్లేదు."

"ఆ ఇంటి మనిషి ఒప్పుకుంటేనే రాస్తాను."

"షూటింగు పన్నెండు రోజుల్లో అండి. ఈలోగా ఆ ఒప్పుకోలు రాకపోతే, రాసి ఉన్న కుండల సీనే షూట్ చేసేస్తాం."

అదీ సంగతి. పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు. అయినా మన పేటలో అందరూ గుర్తుపడతారు. దుర్గ కూడా. ఆ జ్వరం తనదేనని తెలిస్తే ఏమనుకుంటుందో నాకు తెలీదు. అది దాచి నిన్ను ఒప్పించను. "పాత గొడవ ఇప్పుడెందుకే" అంటావు. నువ్వు వెనక వరసలో నిలబడ్డంతకాలం అది పాతది కాదక్కా.

ఎండు రొయ్యలు పంపుతానన్నావుగా. సెట్టు వాళ్ళు కొన్న గంపలు చూస్తే నీకు నవ్వొస్తుంది. అన్నీ కొత్తవి, పాతవాటిలా కనిపించాలని అడుగున మసి పూశారు. నీ పాత గంప అటక మీదే ఉంది కదా. ఒప్పుకుంటే రొయ్యలు అందులో పోసి, పైన గుడ్డ కట్టి, కాకినాడలో బస్సు పార్సిలుకి ఇప్పించు. వద్దనుకుంటే మామూలు సంచిలో పంపు. రెండిట్లో ఏదైనా మాట ఒక్కటీ రాయక్కర్లేదు, ఫోన్లో నేను అడగను. సంచి వస్తే రొయ్యలు వంకాయలో వేసుకు తిని, ఆ కుండల సిరీసులోంచి నా పేరు తీయించి, పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. నీ సంగతి ఎక్కడా రాయను. ఒక్క గంపా లేవలేదన్న అబద్ధం కూడా ఇంక ఎక్కడా చెప్పను.

ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు, నువ్వే చదువుకో. ఆ ఏడు పలక మీద దిద్దిన అక్షరాలే ఇవి. పెద్దమ్మ కాళ్ళకి నా తరఫున దండం పెట్టు. బావకి నమస్కారాలు, దుర్గకి ముద్దులు. ఆ రోజు నీ మీద చాడీ చెప్పినందుకు నన్ను ఎంతైనా తిట్టుకో, తిట్టడం అయ్యాక మాత్రం పెద్దదానిగా దీవించు.

గురువారం నుంచి రోజూ పార్సిలు ఆఫీసుకి వెళ్ళి చూస్తుంటాను.

నీ చెల్లెలు,
సత్యవతి