వెనకద్దం మీది తెలుగు

ముదలియార్‌పేట,
పుదుచ్చేరి.
20 నవంబరు 2025, గురువారం

పూజ్యులు రాజరత్నం మాస్టారుగారికి,

ప్రభువు పేరిట మీ శిష్యురాలు తి. కార్తిక వందనాలు. ఈ వానల్లో మీకూ అమ్మగారికీ దగ్గూ జలుబూ రాకుండా ఉండాలని ప్రార్థన చేస్తున్నాను. మా ఇంట్లో అందరం బాగున్నాం.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో సూటిగా చెప్పేస్తాను. వచ్చే సోమవారం పొద్దున నేను పోలీసు స్టేషనుకు పోయి, మా పక్కింటి కనగం అత్తను గుద్దిన కారు ఎవరిదో చెప్పబోతున్నాను. అది మీ కారు. ఈ సంగతి మీరు పోలీసుల నోట వినకూడదని, ముందుగా నా చేతిరాతలో చదవాలని రాస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటారేమో. మీ ఫోన్ ఎప్పుడూ అమ్మగారి చేతిలోనో మనవరాలి చేతిలోనో ఉంటుంది. ఉత్తరమైతే ఆ భయం లేదు. అమ్మగారు తమిళమే చదువుతారు, పిల్లలకు ఇంగ్లీషు. మీ ఇంట్లో తెలుగు చదవగలిగేది మీరొక్కరే. పోస్టులో వేస్తే ఆదివారంలోగా అందదేమోనని రేపు డ్యూటీకి పోతూ నేనే తెచ్చి మీ గేటు పెట్టెలో వేస్తాను. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి. నాకు ఒత్తులతో తగువు ఇంకా తీరలేదు.

మా వీధిలో ఇంటింటా మాట్లాడేది తెలుగే. కానీ ఆ అక్షరాలు ఎవరికీ తెలియవని మీకు తెలుసు. మా తాత వేలిముద్ర వేసేవాడు. మా నాయనకు తమిళంలో సంతకం ఒక్కటే వచ్చు. బడిలో నేను చదివింది తమిళమూ ఇంగ్లీషూ. ఆదివారం మధ్యాహ్నాలు ప్రార్థన మందిరం వసారాలో మీరు మాకు పలకలు పంచకపోతే, మా ఇంటి భాషకు ఒక రూపం ఉందని నాకు తెలిసేదే కాదు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు రూతనో ఎస్తేరనో పేరు మార్చుకోమని అందరూ అన్నారు. ప్రభువుకు ఈ పిల్ల పేరు ముందే తెలుసు, కొత్తగా పరిచయం చేయక్కర్లేదు అని మీరొక్కరే అన్నారు. అందుకే నేను ఇవాళ కూడా కార్తికగానే సంతకం చేస్తున్నాను.

ఇక ఆ పొద్దు సంగతి. పోయిన వారం సోమవారం నేను ల్యాబుకు పోయే బస్సు కోసం చెంగల్రాయన్ టీకొట్టు ముందు నిలబడి ఉన్నాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, సన్నగా వాన పడుతోంది. కనగం అత్త మార్కెట్టు నుంచి పూలమూటతో ఆటో దిగి రోడ్డు దాటుతోంది. తెల్ల కారు వచ్చింది, మూట ఎగిరింది, అత్త పడింది. కారు కొంచెం ముందుకు పోయి ఆగింది. ఎర్ర దీపాలు వెలిగాయి. ఆగిందిలే, దిగుతారు అనుకున్నాను. దిగలేదు. నేను అత్త దగ్గరికి పరిగెత్తుతూ తలెత్తి చూస్తే, కదిలిపోతున్న బండి వెనకద్దం మీద, మీరు రాయించుకున్న మాట, ప్రభువే నా సారథి అని ఉంది. చదవాలని చదవలేదు మాస్టారుగారూ. అక్షరం వచ్చిన కళ్ళు ఊరుకోవు.

నెంబరు ఎవరూ చూడలేదు. పోలీసులు వచ్చి అడిగితే, వెనక జాంగిరి పిండినట్టు ఏవో రాతలు ఉన్నాయి సార్ అని చెంగల్రాయన్ చెప్పాడు. జాంగిరి అంటే తెలుగు, తెలుగు అంటే ఆంధ్రా బండి, ఆంధ్రా బండి అంటే బీచి చూడవచ్చినవాళ్ళు అని వాళ్ళు లెక్క వేసుకున్నారు. నేను అప్పుడు అత్తతో అంబులెన్సులో ఉన్నాను.

ఆమెకు కుడికాలు రెండు చోట్ల విరిగింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి కట్టు వేశారు. నోరు మాత్రం చెక్కు చెదరలేదు. కాలికి సిమెంటు పూసినారు పాపా, ఇంక సున్నం కొడితే గృహప్రవేశమే అంటుంది. నేను మంచం పక్కన ఊరికే కూచుంటే, ఏంది అట్ట చూస్తా ఉండావు, చేతులు ఖాళీగానే ఉండాయి కదా, నీ సామికి ఒక ఫోన్ కొట్టు అంటుంది. నేను ప్రార్థన చేస్తాను. కళ్ళు మూసుకో అత్తా అంటే, నువ్వు మూసుకో, నేను చెప్పుల్ని కాపలా కాస్తాను అంటుంది. నేను పూలు పెట్టుకోవడం మానేసినప్పటి నుంచి ఆమెకు నా మీద ఒకటే ఫిర్యాదు. పూయించేది మీ సామే అంటావు, మళ్ళీ ఆయనకే పూలంటే పడదంటావు, యాడి న్యాయమే ఇది అని. దానికి మంచి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి.

మొన్న ఆదివారం మీరు మందిరానికి ఆటోలో వచ్చారు. కారు షెడ్డులో ఉందన్నారు. ప్రార్థన విన్నపాలు చెప్పే వేళ నేను లేచి కనగం అత్త కోసం ప్రార్థించమని అడిగాను. అందరూ ఆమెన్ అన్నారు. మీ గొంతు వినపడలేదు. మామూలుగా మీ ఆమెన్ అందరికంటే ముందు వస్తుంది, పిల్లలు ముసిముసిగా నవ్వేంత ముందు. మీకు నిద్ర పట్టడం లేదని ఆ రోజే నాకు అర్థమైంది. మీరే స్టేషనుకు పోతారని అనుకున్నాను. సోమవారం చూశాను, మంగళవారం చూశాను. మంగళవారం సాయంత్రం ఇంకొకరు దొరికారు.

ఆయన పేరు సుబ్బరాయలు, నాయుడుపేట టాక్సీ డ్రైవరు. తెల్ల కారే. ముందు ఒక సొట్ట, వెనకద్దం మీద తెలుగు రాత. ఆయన బండిలో వచ్చిన కుటుంబం బస్సెక్కి వెళ్ళిపోయింది. బండి స్టేషన్ ఆవరణలో ఆగిపోయింది. ఆయనను లోపల పెట్టలేదు గానీ ఊరు దాటవద్దన్నారు. దొరికాడు దొంగ అని చెంగల్రాయన్ టీ పోస్తూ సంతోషంగా చెప్తే నేను టీ తాగకుండానే వచ్చేశాను.

నిన్న డ్యూటీ ముగించుకుని స్టేషనుకు పోయాను. మణిమారన్ అనే కానిస్టేబులు ఉన్నాడు. ఇంట్లో మాదీ తెలుగే చెల్లెమ్మా, కానీ దీన్ని చూస్తే నాకన్నీ చుట్టలూ సున్నాలే, ఆ బండి మీదా జాంగిరే, ఈ బండి మీదా జాంగిరే అన్నాడు. నేను సుబ్బరాయలు బండి వెనక నిలబడి చదివి చెప్పాను. దాని మీద ఉన్నది అమ్మ దీవెన. ఆ పొద్దు నేను చదివినది వేరు. రెండూ కాగితం మీద రాసి చూపించాను. మణిమారన్ ఆ రాతలను వేలితో తడుముతూ, ఇది చిన్నది, ఇది పొడుగు, అవును వేరే అన్నాడు. ప్రభువే నా సారథి అంటే ఏందని అడిగితే అర్థం చెప్పాను. అయితే తోలింది ఆయనే కదా, సమన్లు యాడికి పంపేది అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇన్‌స్పెక్టరు బందోబస్తుకు పోయారు, సోమవారం వస్తారు, అప్పుడు వచ్చి నీకు తెలిసిందంతా రాసిచ్చిపో, అంతదాకా బండి కదలదు అన్నాడు. సుబ్బరాయలు బయట అరుగు మీద కూచుని ఉన్నాడు. ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంతమంది ఉండారే తల్లీ, చదివేవాళ్ళు నువ్వొక్కదానివేనా అన్నాడు. ఇంకొకాయన ఉన్నాడు, నాకు నేర్పింది ఆయనే అన్నాను. అయితే ఆయన్ని కూడా పిలుచుకురా అమ్మా, ఇద్దరు చెప్తే నమ్ముతారు అన్నాడు. నేను తల ఊపి వచ్చేశాను.

మా నాయన తిరుమలైకి స్టేషన్ సంగతి తెలిసింది. కారు ఎవరిదో తెలియదు, నేను చెప్పలేదు. అయినా రాత్రంతా గొణుగుతూనే ఉన్నాడు. చదివించింది ఉద్యోగానికి, కనపడిందల్లా చదవడానికి కాదు, కళ్ళు మూసుకునేది మాత్రం ఏ బడిలోనూ నేర్పలేదు దీనికి అని అమ్మతో అన్నాడు. పొద్దున మాత్రం సోమవారం స్టేషనుకు తానూ తోడు వస్తానన్నాడు. ఆయన గొణుగుడు ఎప్పుడూ ఇంతే.

మాస్టారుగారూ, నాకు క్ష రాయడం రాక ఏడ్చిన రోజు మీరు పలక మీద సాక్షి అని రాసి, దాని మీద నా చేత దిద్దించారు. సాక్షి అంటే ఎవరు తాతా అని ఎవరో పిల్ల అడిగింది. చూసింది చూసినట్టు చెప్పేవాడు, కలపడు, తీసెయ్యడు అన్నారు. ఈ ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు నన్నే అడిగారు. దేవుడు నాకు చేసిన మేలు చెప్తాను. పలక పట్టించిన మిమ్మల్ని గురించి కూడా చెప్తాను, ఎందుకంటే అదీ నేను చూసిందే. కారు సంగతి అక్కడ ఎత్తను. అది సోమవారం మాట. కానీ ఆదివారం ఒక రకం సాక్ష్యం, సోమవారం ఇంకో రకం సాక్ష్యం నా దగ్గర లేదు. సోమవారం నోరు మూసుకుంటే ఆదివారం చెప్పినది పాట అవుతుంది, సాక్ష్యం కాదు.

మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు. వాన, చీకటి, పైగా మీ ఎడమకంటి పొర. భయం వేసి ఉంటుంది. ఈ వయసులో స్టేషన్ మెట్లెక్కడం, మందిరంలో నలుగురూ గుసగుసలాడుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలో కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. మీరు తప్పించుకునే మనిషి కాదు. తప్పించుకునే మనిషి ఆమెన్ గట్టిగా అనేవాడు.

పెద్దగా మాట్లాడుతున్నానని అనుకోకండి. నా నమ్మకం మీ మీద కట్టింది కాదు. మనుషుల మీద కట్టవద్దని మీరే నేర్పారు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. మీ మీద నాకున్న గౌరవం మాత్రం ఇప్పుడు మీ చేతిలో ఉంది. అది పోతుందని నేను అనుకోవడం లేదు. మీరే ముందు పోయి చెప్తే అది వేరు, నేను చెప్పాక మిమ్మల్ని పిలిపిస్తే అది వేరు. మీరు వస్తానంటే నేను మీ పక్కనే నడుస్తాను. మా నాయన కూడా ఉంటాడు. ఆయన గొణుగుతాడు, మీరు పట్టించుకోవద్దు.

మీరు రాకపోయినా నేను పోతాను. సుబ్బరాయలు బండి తిరిగితేనే ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆదివారం, 23వ తేదీ సాయంత్రంలోగా నాకు జవాబు ఇవ్వండి. మందిరంలో చెప్పినా సరే, కాగితం మీద రాసినా సరే. ఒక్క మాట చాలు.

మీ శిష్యురాలు,
తి. కార్తిక

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. ఒక సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తే మీరు నిజం కోసం కాక కనగం అత్త కోసం వస్తారేమోనని. కానీ చూసింది చూసినట్టు చెప్పాలంటే విన్నదీ చెప్పాలి.

కారు మీదని కనగం అత్తకు ఆ పొద్దే తెలుసు. మీరు బండి ఆపి, అద్దం దించి, తల బయటపెట్టి వెనక్కి చూశారంట. ఆమె మీ ముఖం చూసింది. పోలీసులు మూడుసార్లు అడిగినా నాకేమీ కనపడలేదయ్యా అనే చెప్పింది. నిన్న స్టేషన్ నుంచి నేరుగా ఆసుపత్రికి పోయి సుబ్బరాయలు సంగతి చెప్తే, అప్పుడు నోరు విప్పింది. ఎందుకు దాచావు అత్తా అని అడిగాను. మీ నాయన ఇప్పటికే నిన్ను ఎగతాళి చేస్తా ఉండాడు, పలక పట్టించినాయనే ఇట్ట చేసినాడని తెలిస్తే నువ్వు మళ్ళీ ఆ గుడికి యాడ పోతావు, నీ సామి మీద నీకు మనసు ఇరిగిపోతాదేమోనని భయపడినాను పాపా, కాలు అతుక్కుంటాది, అది అతుక్కుంటాదా అన్నది.

ఇప్పుడు ఎవరో బిడ్డ మధ్యలో ఇరుక్కున్నాడు, ఇంక దాచేది లేదు, కానీ పోలీసుకన్నా ముందు పెద్దాయనకు ఒక మాట రాయి అన్నది ఆమే. నేను లేచి వస్తుంటే మళ్ళీ పిలిచింది. ఆయన ఇక్కడికి వస్తే ముందు కుర్చీ వెయ్యి, నిలబడి చెప్పలేడు అన్నది.