గీతలు వదిలి గోడలు నేర్చుకున్నాం

పుణె,
ఆదివారం.

అన్నయ్యకూ, ఎర్రమ్మ వదినకూ రత్నం దండాలు.

నేను ఇక్కడ కులాసాగా ఉన్నాను. మీరిద్దరూ, పిల్లలూ ఎలా ఉన్నారు? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? చేపల వేట ఎలా సాగుతోంది? మన కళింగపట్నంలో గాలులు ఎక్కువగా ఉన్నాయని విన్నాను. అలాంటి రోజున తోటివాళ్ళు పడవలు దింపినా నువ్వు దింపకు అన్నయ్యా. మాట వింటావని అనుకుంటున్నాను.

ఫోనుండగా ఉత్తరం ఎందుకా అని నువ్వు అనుకోవచ్చు. వదినే అడిగింది. "ఫోన్లో తిన్నావా, తొంగున్నావా తప్పితే ఏటీ సెప్పవు. సెప్పిన రెండు ముక్కలూ గాలి హోరులో పోతన్నాయి. రాసి పంపు, కూకొని సదువుకుంటాం" అంది. అందుకని రాస్తున్నాను. పొడవైందని విసుక్కోవద్దు.

ఇక్కడి వాన మన వానలా ఒక్కసారి కొట్టి పోదు. పొద్దున్నుంచీ సన్నగా కురుస్తూనే ఉంటుంది. బట్టలు ఆరవు. గాలిలో ఉప్పు వాసన ఉండదు. వచ్చిన కొత్తలో అదే నాకు పెద్ద లోటుగా ఉండేది, ఏదో మరిచిపోయి వచ్చినట్టు. ఇప్పుడు కొంచెం అలవాటైంది. నా గదిలో బరంపురం అమ్మాయి సస్మిత ఉంటుంది. నాకు వచ్చిన నాలుగు ఒడియా ముక్కలూ మాట్లాడితే పడీపడీ నవ్వుతుంది. ఇద్దరం కలిసి అన్నం వండుకుంటాం. జొన్నరొట్టె కూడా తింటున్నాను. తిండికి లోటేమీ లేదు వదినా, చిక్కిపోయానని బెంగ పెట్టుకోవద్దు.

అసలు సంగతి ఆఫీసుది. మా ఆఫీసులో ఇళ్ళకూ, బళ్ళకూ, ఆసుపత్రులకూ ప్లాన్లు తయారుచేస్తారని మీకు తెలుసు. కొన్ని నెలలు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటామని చెప్పి నన్ను తీసుకున్నారు. అక్కడ నాకు దొరికిన మన మనిషి అప్పలనాయుడు గారు. వాళ్ళది శృంగవరపుకోట. వరి, మామిడి పండించే కుటుంబం. ఆయన చిన్న వయసులోనే ఇక్కడికొచ్చి, ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా స్థిరపడ్డారు. నేను చేరిన రోజున నీతో ఫోన్లో "ఏటన్నయ్యా" అంటుంటే విని, కుర్చీ ఇటు తిప్పి, "ఏ ఊరమ్మా మనది?" అని అడిగారు. అప్పటినుంచి ఆయన నాకు బాబాయి. గది చూసిపెట్టింది ఆయనే. బస్సులో ఎక్కడ దిగాలో, ఎవరితో హిందీలో ఎలా మాట్లాడాలో నేర్పింది ఆయనే.

ఇన్నేళ్ళుగా మా ఆఫీసులో పనంతా క్యాడ్‌ అనే కంప్యూటర్ గీతల పద్ధతిలోనే. ఈమధ్య ఆఫీసు నడిపే మా మేడమ్‌కి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారాలనే ఆలోచన వచ్చింది. రెండింటికీ తేడా ఏమిటంటే, అన్నయ్యా, నీ పడవ బొమ్మను పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి అని వేరువేరు కాగితాల మీద గీశావనుకో, అది క్యాడ్. అలా కాకుండా చిన్న కొయ్య పడవ చెక్కి, ఎటు కావాలంటే అటు తిప్పి చూశావనుకో, అది మోడలింగ్. క్యాడ్‌లో రెండు గీతలు గీసి గోడ అని మనం అనుకోవాలి. కంప్యూటర్‌కి అది గోడని తెలియదు. మోడలింగ్‌లో గోడ పెడితే అది గోడే. దానికి ఎత్తుంటుంది, మందముంటుంది, ఇటుకో రాయో తెలుస్తుంది.

మారేముందు రెండు పద్ధతులూ పోల్చి చూద్దామని మేడమ్ ఒక ఆడపిల్లల హాస్టల్ పని మా ఇద్దరికీ ఇచ్చింది. బిల్డింగ్ ఒకటే. బాబాయి క్యాడ్‌లో చేయాలి. విశాఖపట్నంలో నేర్చుకున్న కోర్సు పుణ్యాన నేను మోడలింగ్‌లో చేయాలి. నాకు గది చూసిపెట్టిన మనిషితోనే పోటీ పెట్టినట్టైంది. ఆ మాట ఆయనతోనే అంటే, "ఏటయిపోతాదమ్మా? నీ పని నువ్వు సెయ్యి, నా పని నేను సేస్తాను. దీనికీ మన మాటలకీ ఏటి సంబంధం?" అన్నారు.

మొదట్లో నేను బాగా వెనకబడ్డాను. బాబాయి ఎడమచేయి కీబోర్డు మీద అక్షరాలు కొడుతూనే ఉంటుంది, కుడిచేతి కింద మౌస్ ఆగదు. కిందికి చూడనైనా చూడరు. నాదేమో గోడ పెట్టబోతే ఏ గోడ, ఎంత మందం, ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తు దాకా అని, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దల్లా అడుగుతూ కూర్చుంటుంది. మాకు కావలసిన కొలతలో కిటికీ అందులో లేదు, అది కూడా నేనే తయారుచేయాలి. ఆయన ప్లాన్లన్నీ ముగించేసరికి నేనింకా కిటికీల దగ్గరే ఉన్నాను.

ఇంతలో హాస్టల్ వాళ్ళు వచ్చి, మెట్లు వంటగది పక్కన వద్దు, మధ్యలోకి తెండి అన్నారు. నేను మోడల్లో మెట్లు జరిపాను. ప్లాన్లలో, బిల్డింగ్‌ని నిలువుగా కోసి చూపే సెక్షన్లలో, ముందువైపు బొమ్మలో అన్నిచోట్లా వాటంతటవే జరిగాయి. అయితే వాటితోపాటు ఒక స్నానాల గది గోడ కూడా జరిగి తలుపుకి అడ్డం పడింది. నేనే తెలియక దాన్ని మెట్లకి కట్టేశాను. అది వెతికి విడదీసేసరికి సాయంత్రమైంది. అయినా మర్నాటికి నా మార్పులు పూర్తయ్యాయి. బాబాయి మాత్రం ఒక్కొక్క షీటూ తెరిచి, చెరిపి, మళ్ళీ గీసుకోవాల్సి వచ్చింది. రోజుల తరబడి అదే పని. కళ్ళు ఎర్రబడిపోయాయి పాపం.

చివరికి ఇద్దరి ప్రింట్లూ తీసి టేబుల్ మీద పక్కపక్కన పరిచాను. ఆయన సెక్షన్ షీట్లో మెట్లు పాత చోటే ఉన్నాయి. మేడమ్ అది చూస్తే నా ఉద్యోగం ఖాయం. ఆయన సంగతి ఏమవుతుందో ఆలోచించడానికే భయం వేసింది. వెళ్ళి ఆయనకే చెప్పాను.

"బాబాయ్, సెక్షన్లో మెట్లు జరపడం మరిసిపోనావు."

కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"మేడమ్‌కి సూపించేసావా?"

"లేదు. ముందు నీకే సెప్తన్నాను."

"ఎందుకలగ? నీకు కలిసొచ్చేదే కదేటి."

"నా పని సూసి ఉంచుకోవాలి గానీ, నీ తప్పు సూసి నన్ను ఉంచుకుంటే నాకేటి గొప్ప బాబాయ్?"

ఆయన కూర్చుని ఆ షీటు సరిచేసుకున్నారు. తర్వాత నా ప్రింట్లు దగ్గరికి లాక్కున్నారు.

"ఇదేటమ్మా ఇది? కోసిన గోడేది, ఎనకాల కనిపించే గోడేది? అన్ని గీతలూ ఒక్కలాగే ఉన్నాయి. కొలతల మీద కొలతలు ఎక్కేసినాయి. దీన్ని మేస్త్రి సేతిలో పెడితే ఏటి కడతాడు?"

నాకు చిన్నతనంగా అనిపించింది కానీ మాట నిజం. మోడల్ చక్కగా ఉంది, కాగితం మాత్రం చదవడానికి పనికిరాదు. ఆయన ఎర్ర పెన్సిల్ తీసుకుని ఏది ముదురుగా ఉండాలో, ఏది పలచగా ఉండాలో, కొలత ఎక్కడ వేస్తే కంటికి ఆనుతుందో షీటు షీటుకీ చూపించారు. నేను అలాగే మార్చుకున్నాను.

మేడమ్ ముందు ఇద్దరివీ పెట్టాం. ఏది మేలని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బాబాయి తన హిందీలో చెప్పేశారు. మొదలు పెట్టడానికి క్యాడ్ త్వరగా అవుతుంది, మార్పులొస్తే మోడలింగే నయం, తాను ఒక షీట్లో మెట్లు జరపడం మరిచిపోతే పట్టుకుంది ఈ అమ్మాయే అని. నా షీట్లు ఇంత శుభ్రంగా ఉన్నాయంటే ఆయన దిద్దబట్టేనని నేను చెప్పాను. మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. కొత్త పనులన్నీ మోడలింగ్‌లో, పాత బిల్డింగుల మరమ్మతులు క్యాడ్‌లో అని తేల్చింది. నా ఉద్యోగం ఖాయం చేసింది. ఆ మాట వినగానే మీకు ఫోన్ చేశాను కదా, గాలికి ఏమీ వినబడక "ఏటి, ఏటి" అంటూనే ఉన్నావు.

మేడమ్ ఇంకోటి కూడా అంది. మరమ్మతుల పని కొంచెమే ఉంటుంది కనక అందరూ మోడలింగ్ నేర్చుకుని తీరాలి. బాబాయి ఆ రోజు టీ కూడా తాగకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

నేర్పుదామని పక్కన కూర్చుంటే కష్టం ఎక్కడో తెలిసింది. క్యాడ్‌లో గీతకి ఒక అక్షరం, జరపడానికి ఒక అక్షరం కొడతారు, ఆయన చేయి అలవాటుగా ఆ పాత అక్షరాలే కొడుతుంది. కొత్తదానికి అవి అర్థం కావు. ఏమీ జరగదు, లేకపోతే ఇంకేదో తెరుచుకుంటుంది. "నా సేతికి తెలిసిందంతా అక్కర్లేదంటన్నాది ఇది. నా వల్ల అవదమ్మా. ఊరెళ్ళిపోయి మామిడితోట సూసుకుంటాను" అన్నారు.

రెండ్రోజులు ఆలోచించాను. ఏ అక్షరం కొడితే ఏది రావాలో మనమే మార్చుకునే వీలు అందులో ఉందని వెతగ్గా తెలిసింది. గీతకి ఆయన కొట్టే అక్షరాన్ని గోడకి పెట్టాను. జరపడానికి, నకలు తీయడానికి, కత్తిరించడానికి ఆయన పాత అక్షరాలే పెట్టాను. పొద్దున్నే అందరికంటే ముందు ఆయన్ని కూర్చోబెట్టి, "ఓసారి నీ లెక్కన కొట్టు బాబాయ్" అన్నాను.

కొట్టారు. గోడ లేచింది. ఇటు తిప్పి చూశారు, అటు తిప్పి చూశారు.

"ఇది నేను పెట్టిందేనేటి?"

"నువ్వే."

"ఉండు, సెప్పకు" అని నన్ను పక్కకి జరగమన్నారు. మిగతావాళ్ళు వచ్చేసరికి ఒక గది నిలబెట్టేశారు. ఇప్పుడు హాస్టల్ వంటగది మోడల్ ఆయనే చేస్తున్నారు. సణుగుతూనే ఉంటారు కానీ మామిడితోట మాట ఎత్తడం లేదు. మొన్న టీ తాగుతూ, "మన భోగాపురంలో విమానాశ్రయం కడతారంట. దాంట్లో సిన్న ముక్కైనా మన సేతికి రాకపోతాదేటి?" అన్నారు. ఎందుకు రాదు అన్నాను. నిజంగానే అనుకుంటున్నాను అన్నయ్యా.

వదినా, ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు నెత్తళ్ళు పంపించు. రెండు మూడు కవర్లలో గట్టిగా కట్టు, మాకు గది అద్దెకిచ్చినావిడ మాంసం, చేప ముట్టదు, వాసన వస్తే గది ఖాళీ చేయమంటుంది. సగం బాబాయికి ఇవ్వాలి కనక కొంచెం ఎక్కువే పంపు. పిల్లల్ని బడి మాన్పించవద్దు. పెద్దదానికి లెక్కలు రావడం లేదన్నావు, నేను వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెబుతాను.

ఇక ఒక్క పని ఉంది అన్నయ్యా. శ్రీకాకుళంలో ఇదివరకు నేను ఎవరి దగ్గర పనిచేశానో ఆ ఇంజనీరు గారు నాకోసం ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంచారని పోయినవారం చెప్పావు. ఒకసారి వెళ్ళి ఆయనకు నా నమస్కారాలు చెప్పు. ఆయన మంచితనం మరిచిపోనని చెప్పు. ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమను. నాకు ఇక్కడ పని ఉంది.

పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ ఇద్దరి దీవెన నా మీద ఎప్పటికీ ఉండాలి.

మీ చెల్లెలు
రత్నం