ఎవరూ చావని రోజున మోగిన డోలు

మహారాజశ్రీ జిల్లా న్యాయాధికారి గారి సముఖమునకు,
హపుగొడ గ్రామం, డోలు సెదిరిస్ కొడుకు ధర్మసిరి, వయస్సు 22, రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: హపుగొడ పనసతోట పంపకం దావాలో దండోరా వేసినట్లు దాఖలైన రిపోర్టును రద్దు చేసి, దండోరా మళ్ళీ వేయించుట గురించి.

1. సదరు పనసతోట పడమటి కొసన, కొబ్బరాకుల ఇంట్లో బాబునోనా అనే డెబ్బై ఆరేళ్ళ వితంతువు నలభై ఎనిమిదేళ్ళుగా కాపురముంటోంది. ఊరంతా ఆమెను ఆచ్చి అంటుంది, అంటే అమ్మమ్మ. మొగుడి తరఫున ఆమెకు తోటలో ఎనిమిదో వంతు ఉంది. కొబ్బరిమిల్లు షావుకారు విల్బర్ట్ ముదలాలి వేసిన దావాలో పదకొండుమంది హక్కుదారుల పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. మరిచిపోయాడట. రోజూ పొద్దున ఆమె పోసిన అప్పాలు తిని మిల్లుకు పోయే మనిషి, అప్పం గుర్తుండి ఆచ్చిని ఎట్లా మరిచాడో తమరే విచారించాలి. ఈ నెల 26న తీర్పు. అది అట్లాగే వస్తే ఆమె ఇల్లు ముదలాలి వాటాలోకి పోతుంది.

2. ఇట్లా "మరిచిపోయిన" వాళ్ళ కోసమే చట్టం దండోరా పెట్టింది. సర్వేయరు కొలతకు వచ్చిన రోజున ఆ భూమి మీదే డోలు కొట్టించి, దావా సంగతి పైకి చదవాలి. విన్నవాళ్ళు వచ్చి "నాకూ వాటా ఉంది" అని చెప్పుకోవాలి. ఉచిత న్యాయ సహాయ కరపత్రాలు పదిహేడు చదివినవాణ్ణి, నాకు తెలుసు. కోర్టు అమీనా రిపోర్టు మొదటి పేజీలో "మార్చి 9 ఉదయం పది గంటలకు డోలు మోగించి, స్పష్టమైన గొంతుతో మూడుసార్లు చదవడమైనది, ఎవ్వరూ హాజరు కాలేదు" అని ఉంది. పచ్చి అబద్ధం. ఆ రోజు నేను పట్నంలో ఉన్నాను గాని, ఆచ్చిని అడిగితే "దండోరానా? నేనేదీ వినలేదు నాయనా" అంది. అమీనా, సర్వేయరు, ముదలాలి ముగ్గురూ టీకొట్లో కూచుని రాసుకొన్న కాగితం ఇది. నకలు కోసం రికార్డు గుమాస్తా నన్ను నాలుగుసార్లు తిప్పడం, తిప్పి ఒక్క పేజీయే ఇవ్వడం ఇందుకు సాక్ష్యం.

3. పై రెండో అంశంలో సగం తప్పని ఈ ఉదయం తెలిసింది. స్టాంపు అంటించేశాను కనుక కాగితం మార్చలేదు. కొట్టివేతలున్న అర్జీని అధికారులు శంకిస్తారని ఆరో కరపత్రంలో ఉంది కనుక కొట్టివేయలేదు. సంగతేమంటే, రెండో పేజీ నకలు చేతికొచ్చింది. అడుగున డోలు కొట్టినవాడి వేలిముద్ర, పక్కన పేరు సెదిరిస్. మా నాన్న. పెరట్లో డోలు తోలు ఆరబెడుతుంటే పోయి నిలదీశాను.

"పనసతోటలో డోలు కొట్టావా?"

"కొట్టాను. గవర్నమెంటు పని."

"కొడితే ఆచ్చి ఎందుకు వినలేదు? ఏ దరువు కొట్టావు?"

"ఏ దరువేంట్రా? చేతికొచ్చిన దరువు."

"దండోరాకి వేరే దరువుంది కదా!"

"అది మీ తాతతోనే పోయింది. పదిహేనేళ్ళుగా నన్ను పిలిచేది చావులకే. చెయ్యి దాని మీదికే పోతుంది. అమీనాని అడిగాను కూడా, అయ్యా ఏది కొట్టమంటారు అని. 'కొట్టవయ్యా, ఇదేమన్నా పెళ్ళా పేరంటమా' అన్నాడు. కొట్టాను."

"ఆయన చదివింది నువ్వన్నా విన్నావా?"

"విన్నాను. కోర్టు సింహళం. నాకూ పనసచెట్టుకీ ఒకటే అర్థమైంది."

4. చావు దరువు విని ఊరు ఊరంతా మా ఇంటికొచ్చి "ఎవరు పోయారు?" అని అమ్మని అడిగిందట. తోటలోకి మాత్రం ఒక్కరూ పోలేదు. ఆచ్చి అప్పాల పొయ్యి ఆర్పి, తెల్లచీర కట్టుకొని, చావింటికి ఇచ్చే పావుకిలో చక్కెర పొట్లం కట్టుకొని బయల్దేరింది. తోట గేటు దగ్గర ముదలాలి నిలబడి ఉన్నాడు. ఆమె నోటితో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"ఎవరు పోయారు నాయనా?"

"అవతలి మాగాణి వైపు ఏదో ఏడుపు వినపడింది ఆచ్చీ. ఎండెక్కక ముందే పోయిరా."

ఆమె రెండు మైళ్ళు నడిచింది. అక్కడ ఎవరూ పోలేదు. తిరిగొచ్చేసరికి కొలత గొలుసు చుట్టుకొని సర్వేయరు వెళ్ళిపోయాడు. "అందరూ బాగానే ఉన్నారు, అదే చాలు" అని నవ్వుతూ ఆ చక్కెర మా అమ్మకిచ్చింది.

అయ్యా, డోలు దేనికో ఊళ్ళో ఎవరికీ తెలియదు. దావా వేసిన ముదలాలికి తెలుసు. తెలిసే ఆమెను లేని చావుకు పంపించాడు. మూడుసార్లు చదివిన మాటకు రిపోర్టుంది. గేటు దగ్గర ఒక్కసారే అన్న ఈ మాటకు ఏ రిపోర్టూ లేదు.

5. కనుక ప్రార్థించునదేమనగా: సదరు రిపోర్టు రద్దు చేసి, ఆచ్చి పేరు దావాలో చేర్చి, ముదలాలిని ప్రమాణం చేయించి పై మాట అడగాలి. మా నాన్న కోర్టుకు వచ్చి అదే దరువు కొట్టి చూపిస్తాడు. దానికి ఆయన మీద కేసు పెడతారేమోనని అమ్మ ఏడుస్తోంది. పెడితే పెట్టండి, కాని ముదలాలిని అడిగిన తర్వాత పెట్టండి. ఈ అర్జీ గుమాస్తా బల్ల కింద ఆగిపోతుందన్న అనుమానంతో ఇంకో ప్రతి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. తమరు కన్నులతోనే గాక చెవులతో కూడా చిత్తగించవలెను.

26వ తేదీ వరకు తమ విధేయుడు,
ధర్మసిరి

తా.క.: ఇదంతా ఆచ్చికి చదివి వినిపించాను. దండోరా మళ్ళీ వేస్తారంటే సంతోషిస్తుందనుకొన్నాను. "ఈసారి డోలు మోగితే నేను ఇంట్లోనే కూచోవాలా నాయనా? నిజంగానే ఎవరన్నా పోయి ఉంటేనో?" అని అడిగింది. పదిహేడు కరపత్రాల్లోనూ దీనికి జవాబు లేదు. కాబట్టి ఈసారి డోలుకు ముందు మనిషిని పంపండి. ఆమె తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, మామూలు మాటల్లో చెప్పమనండి. లేకపోతే ఆమె మళ్ళీ చక్కెర పొట్లం కట్టుకొని వెళ్ళిపోతుంది.