వెర్నా బట్టల తాడు

అమ్మకు,

నీ ఐవీ రాస్తున్నది. నేనూ మీ అల్లుడు క్లింటూ ఇక్కడ కులాసాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గి, నువ్వూ నాన్నా హాయిగా తిరుగుతున్నారని తలుస్తాను. క్లింట్ దగ్గు సంగతి అడిగావు. పూర్తిగా పోయింది. ఊరివాళ్ళతో నోరు విప్పి మాట్లాడుతున్నావా అని కూడా అడిగావు. దానికి జవాబు రాయలేకే ఇంత ఆలస్యం చేశాను.

మాట్లాడానమ్మా. మా కాలనీ సంఘానికి డగ్ అనే ఆయన పెద్ద. నిక్కరుతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా మా వాకిట్లోకి వచ్చాడు. నేను సార్ అన్నాను. "సార్ అంటే మా నాన్న. నన్ను డగ్ అను చాలు" అని నవ్వాడు. మన కెంటకీ కొండల్లో ఇంత చనువుగా ఉండేవాడు ఎవరి జోలికీ పోడు. ఆ ధైర్యంతోనే అడిగాను, పక్కింటి వెర్నా బట్టలు బయట ఆరేసుకుంటుంది కదా, నేనూ ఒక తాడు కట్టుకోవచ్చా అని.

ఆయన నవ్వు నవ్వుగానే ఉంది. "బయట ఆరేయకూడదని రూలుంది. చెప్పి మంచి పని చేశావు" అంటూ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

వెర్నాకు డెబ్భై దాటాయి. మేం దిగిన రోజున వేడివేడి మాకరోనీ వండి తెచ్చిన మనిషి. మిషన్లో ఆరిన బట్టలు వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయట.

సంఘం మీటింగులో అందరూ కుకీలు తింటూ, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ కూర్చున్నారు. "నువ్వంటే మాకెంతో ఇష్టం వెర్నా, కానీ రూలు రూలే" అన్నాడు డగ్.

"ఆ ఇష్టాన్ని ఎక్కడ ఆరేసుకోమంటావు డగ్?" అంది వెర్నా. అందరూ పడిపడి నవ్వారు. నవ్వుతూనే రూలుకు ఓటేస్తూ చేతులెత్తారు. నెలాఖరుకల్లా తాడు తీసేయాలి.

అసలు సిగ్గుపడాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. బయటికి వచ్చాక వెర్నా నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ వెనకింటి రోండాయే చెప్పి ఉంటుంది, దాని కిటికీలోంచే నా తాడు కనబడుతుంది. ఇక దాని మొహం చూడను" అంది. రోండాది, ఆమెది ఇరవై ఏళ్ళ స్నేహం. నేను నోరెత్తలేదు. మర్నాడు రోండా పలకరిస్తే వెర్నా తల తిప్పుకుంది. కిటికీలోంచి చూశాను. అప్పుడూ నోరెత్తలేదు. పది రోజులు అలాగే గడిచాయి.

నిన్న వెళ్ళి, డగ్‌తో అన్నది నేనేనని వెర్నాకు చెప్పేశాను.

"తెలియక అడిగావు, సరే. ఈ పది రోజులూ తెలియకే ఊరుకున్నావా పిల్లా?" అంది.

తాడు దగ్గరికి నడిచి, "ఆ కొస పట్టుకో" అంది. ఇద్దరం తాడు విప్పి చుట్టాం. ఆ తాడు చుట్టను నా చేతిలోనే వదిలేసి, ఆమె రోండా ఇంటివైపు నడిచింది. నన్ను రమ్మనలేదు.

నువ్వు తిట్టినా సరే, జవాబు రాయి.

ఇట్లు,
తల ఎత్తుకోలేని నీ కూతురు,
ఐవీ