వైన్స్ కాదే, వైను

నోవై
అమెరికా, మొదటి మంచు పడ్డ రోజు

మా ఇంటి జడ్జమ్మ అన్నపూర్ణకి,

నీ యాదయ్య రాస్తున్నాడు. కాళ్ళు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, నోరు మరీ బాగుంది. ఫోనుండగా ఉత్తరం ఏంటని తిట్టుకోకు. ఫోన్‌లో అయితే నీ కొడుకు వేణుమాధవ్ స్పీకర్ పెట్టి పక్కనే కాపలా కూర్చుంటాడు. నేను అసలు మాటకు వచ్చేసరికి "అమ్మకు నిద్రొస్తున్నట్టుంది నాయినా" అని కట్ చేస్తాడు. అక్కడ నీకు అప్పుడే తెల్లారి ఉంటుంది!

నా రాతలో మన మాట తీరు కనబడదు. మాట్లాడినట్టే రాస్తే చిన్నప్పుడు పంతులు వేళ్ళ మీద కొట్టాడు. అప్పటి నుంచి నోటికొక తెలుగు, చేతికొక తెలుగు. నువ్వు నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివావు కాబట్టి తప్పులుంటే దిద్దుకో.

నీ తీర్పు విన్నాను. "వైన్స్ నడిపెటోళ్ళ ఇంటికి నా మనుమరాలిని ఇయ్య" అన్నావట. ఆ మాట విన్న దగ్గర నుంచి చరిత ముఖం చూడలేకపోతున్నాను. "నానమ్మ ఓకే అనకపోతే నేను మ్యారేజ్ చేసుకోను తాతా" అంటోంది. నువ్వు ఎత్తి పెంచిన పిల్ల. నీ మాట దాటదు, మనసిచ్చిన పిల్లవాడిని మరవదు. మధ్యలో ఎండిపోతోంది.

తప్పెక్కడ జరిగిందో చెబుతాను. "వాళ్ళది వైన్స్ బిజినెస్ అమ్మా" అన్నాడు నీ కొడుకు. నీ కళ్ళ ముందు ఏం కనబడిందో నాకు తెలుసు. బస్టాండు పక్కన ఇనుప జాలీ, జాలీలోంచి బయటికొచ్చే సీసాలు, పల్లీ పొట్లాలు, గోడ వారగా పడుకున్న మీ తమ్ముడు. మన దగ్గర ఆ మాటకు అదే అర్థం. వేణుకీ తెలుసు. తెలిసే అన్నాడు. వీణ్ణి ఇంజనీర్ చదివించి పొరపాటు చేశాం, లాయరు కావాల్సినవాడు.

వాళ్ళది దుకాణం కాదే. ఫ్రాన్స్ దేశంలో చిన్న ఊరు. ఆ పేరు పలకాలంటే ముక్కు మూసుకోవాలి, ఇక రాయడం నా వల్ల ఏమవుతుంది. గుట్ట మీద రాతి ఇళ్ళు, గుట్ట వాలంతా ద్రాక్ష తోటలు. ఆ పండ్ల రసం పులియబెట్టి వైను చేస్తారు. తాతముత్తాతల నుంచి అదే పని. పిల్లవాడు చరితతోపాటే కార్ల కంపెనీలో చేస్తాడు. పేరు ఎతియెన్. నేను ఎల్లయ్యా అంటాను, పలుకుతాడు. వీడియో కాల్‌లో వాళ్ళ తాతను చూపించాడు. ముందరి గదిలో, వచ్చినవాళ్ళకు మొదట కనబడేట్టు, కొమ్మలు కోసే పాత కత్తి గోడకు వేలాడుతోంది. ముత్తాతదట. ముసలాయన దాన్ని దేవుడి పటంలా తుడిచి మరీ చూపించాడు.

నాకు నా కత్తి గుర్తొచ్చింది అన్నపూర్ణా. మన వేణు పెళ్ళప్పుడు నా గీత కత్తినీ తాడెక్కే మోకునీ బియ్యం బస్తాల వెనక దాచారు, వియ్యాలవారు చూస్తారని. అన్ని తాటిచెట్లు ఎక్కి దిగినా ఎన్నడూ పడనివాడిని, ఆ రోజు నేల మీద నిలబడే పడ్డాను. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు.

ఇక్కడ ఇంకో వేషం. నీ కొడుకు నన్ను అందరికీ రిటైర్డ్ హెడ్మాస్టర్ అని చెబుతున్నాడు. నాలుగో తరగతి తప్పిన హెడ్మాస్టర్! మొన్న ఒకాయన నన్ను ఛందస్సు అడిగాడు. "సెలవుల్లో పాఠం చెప్తే జబ్బు చేస్తది సార్" అని తప్పించుకున్నాను.

శనివారం ఇంట్లో పార్టీ. నీ తీర్పు అప్పటిదాకా వాయిదా వెయ్యి.

ఇట్లు,
బడి లేని హెడ్మాస్టరు యాదయ్య


నోవై
పార్టీ మరునాడు

నా అన్నపూర్ణకి,

నిన్న పార్టీలో నేను చెట్టెక్కాను. నడుముకు మోకు కూడా కట్టుకోలేదు.

గౌరీశంకర్ అని పెద్ద డాక్టరు వచ్చాడు. నలభై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నాడు. ఈ మధ్యే ఫ్రాన్స్ తిరిగొచ్చాడట, ఫోటోలన్నీ టీవీలో వేశాడు. అచ్చం ఎల్లయ్య ఊరిలాంటి ఊళ్ళే. రాతి ఇళ్ళు, తోటలు, నేల కింద పీపాలు. చేతిలో వైను గ్లాసు తిప్పుతూ, "చూశారా మాస్టారూ, తాత చేసిన పని మనవడు చేస్తున్నాడు. హెరిటేజ్ అంటే అదండీ! మనకుంటుందా ఆ గౌరవం?" అన్నాడు.

"తాత పని చేస్తే గౌరవమేనా డాక్టర్ సాబ్?" అన్నాను.

"అంతకంటే ఏముంటుందండీ!"

వేణు వంటింటి గుమ్మంలోంచి కళ్ళతోనే నన్ను వద్దంటున్నాడు. కోడలు రజిని గారెల పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"అయితే నా గ్లాసుల కూడ జెర పొయ్యి," అన్నాను. "నేను హెడ్మాస్టర్ను కాదు. గౌండ్లాయనను. మా తాత తాళ్ళు గీసిండు, మా నాయిన గీసిండు, నేను గీసిన. వాళ్ళది వైను, మాది కల్లు. వాళ్ళు వంగి తెంపుతరు, మేం ఎక్కి తీస్తం. గదొక్కటే ఫరకు."

డాక్టరే "నీరా తాగి ఎన్నేళ్ళయిందండీ!" అని నా పక్కకు జరిగాడు. ఆయన జరిగాడు గానీ మిగతావాళ్ళు గారెల్లోకి తల దూర్చారు. దూర్చనీ.

అందరూ వెళ్ళాక వేణు పట్టుకున్నాడు. "ఇజ్జత్ తీసినవ్ నాయినా!"

"ఎవరి ఇజ్జత్ రా? నాదైతే నా ఇష్టం, తీస్త, పెడ్త."

"నీకేం తెల్సు? బళ్ళె నన్ను కల్లుముంత అని పిల్చెటోళ్ళు. బెంచి మీద పక్కన కూసోనిచ్చెటోళ్ళు కాదు. నీకు చెప్తే బడికొచ్చి కొట్లాడతవని అమ్మకు చెప్పిన. ఎవరన్న అడిగితే వ్యవసాయమని చెప్పు బిడ్డా అన్నది అమ్మ. గప్పటి సంది గదే చెప్తున్న."

అది నువ్వా!

కోపం రాలేదంటే అబద్ధం. మంచులోకి వెళ్ళి నిలబడ్డాను, చలికి తట్టుకోలేక నా కోపమే ముందు లోపలికొచ్చింది. ఆ వయసులో బిడ్డను ఎలాగోలా కాపాడుకున్నావు. ఆ పని నేను చేస్తే నలుగురి పళ్ళు రాలేవి, వాడి చదువు ఆగేది. సరే. కానీ ఇప్పుడు వాడి తల నెరిసింది. ఇంకా ఎవరి నుంచి దాచాలి? వైను వాళ్ళను వాడు కాదనేది వైను కోసం కాదు. ఆ ఇంటికి వెళితే మన ఇంటి సంగతి బయటపడుతుందని భయం.

నేను మాత్రం ఇక ఆగను. గుడిలో చెబుతాను, కాస్ట్‌కో దుకాణంలో చెబుతాను, విమానంలో పక్కవాడికి చెబుతాను. నువ్వు రాకున్నా, వాడు రాకున్నా ఆ పిల్ల పెళ్ళికి పోతాను. కానీ నువ్వు ఊ అనకపోతే అది పెళ్ళే చేసుకోదు. ముడి నీ చేతిలో ఉంది.

ఇట్లు,
గౌండ్ల యాదయ్య


నోవై
నీ ఫోనొచ్చిన రోజు

నా అన్నపూర్ణకి,

ఫోన్ పెట్టేశాక ఇక్కడ జరిగింది నీకు తెలియాలి కదా, అందుకే రాస్తున్నాను.

నీ గొంతు స్పీకర్‌లో వినగానే అందరం చేతులు కట్టుకున్నాం. నువ్వేమో పోలీసోళ్ళలా మొదలుపెట్టావు. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను, చదువుకుని నవ్వుకో.

"వేణూ, గా ఫ్రాన్సోళ్ళు సీసాలు కొనుక్కొచ్చి అమ్ముతరా, సొంతంగ తీస్తరా?"

"సొంతంగనే తీస్తరమ్మా."

"తాతల కాన్నుంచా?"

"ఆ, తాతల కాన్నుంచే."

"ఇంట్ల అందరు గదే పనా?"

"గదే పని."

"మరి గట్ల చెప్పవేందిరా! గౌండ్లోళ్ళే గదా! మనోళ్ళల్ల సంబంధం దొరికితే, పరాయోళ్ళని నన్ను బెదిరిస్తవా? ముందుగాల ఇంటిపేరు అడుగు. మనదే అయితే పిల్లగాడు అన్న వరస అయితడు."

చరిత సోఫాలోంచి కింద పడి నవ్వింది. రజినికి కళ్ళలో నీళ్ళు, నవ్వో ఏడుపో తెలియలేదు. నువ్వు నిజంగా అన్నావో, వేణుకి దారి చూపించడానికి అన్నావో నేను అడగను. నా కంటే రెండు తరగతులు ఎక్కువ చదివినదానివి.

ఇంటిపేరు అడగడానికి వేణు అప్పుడే ఎల్లయ్యనూ వాళ్ళ తాతనూ కలిపి వీడియో కాల్ చేశాడు. ఇంటిపేర్లు కలవలేదు, భయపడకు. ఆ తర్వాత, నేను వింటుండగానే, ఇంగ్లీషులో తాడిచెట్లు గీసే ఇంటివాళ్ళమని చెప్పాడు. మై ఫాదర్ అని నా వైపు చెయ్యి చూపించాడు. ఎల్లయ్య తన తాతకు వాళ్ళ భాషలో చెప్పాడు. ముసలాయన చెవి ఫోనుకు ఆనించి విని, ఒకటే ప్రశ్న అడిగాడు. మీ చెట్లు ఎంత ఎత్తు?

వేణు లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. చాలలేదు. మునివేళ్ళ మీద లేచాడు. ఊహూఁ. కుర్చీ లాక్కుని దాని మీదికెక్కి, సీలింగుకు చెయ్యి తగిలించి, "ఇంకా పైకి, ఇంకా పైకి!" అని అరుస్తున్నాడు.

మనింట్లో మళ్ళీ ఒకడు ఎక్కాడే.

ఇట్లు,
కింద కుర్చీ పట్టుకుని నిలబడ్డ
నీ యాదయ్య